కథ పక్కన నిలబడినాయన

మా మనుమరాలు డిగ్రీ చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు దానికీ దాని స్నేహితురాలికీ మా వరండాలో పెద్ద లొల్లి. ర్యాప్ పాడే పిల్లగాళ్లలో ఎవరు గొప్ప అన్నది పంచాయితీ. ఒకతి ఫ్లో అంటుంది, ఒకతి లిరిక్స్ అంటుంది. ఒక్క గుక్కలో ఎన్ని మాటలు కుక్కాడో చూడవే అని ఇది, కుక్కితే సరిపోయిందా, అందులో విషయం ఉండొద్దా అని అది. ఫోన్లో పెట్టి నాకూ వినిపించారు. నాకు సగం అర్థం కాలేదు. "తాతా, ముప్పయ్యేండ్లు తెలుగు పంతులువు కదా, నువ్వు చెప్పు, ఏది ముఖ్యం?" అని నిలదీశారు. దీనికి జవాబు చెప్పగల మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయనకు నేను చేసింది గుర్తొచ్చి, లేచి లోపలికి వెళ్లిపోయాను. తాతకు నిద్రొచ్చిందనుకున్నారు పిల్లలు.

ఆయన పేరు రాయను. మా ఊళ్లో కూడా ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. వంతాయన అనేవాళ్లు. నాకు వరసకు కాక, అంటే చిన్నాయన.

ఒగ్గు కథ చూడనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. ఇంటి ముందు రంగుల ముగ్గుతో దేవుని పట్నం వేస్తారు. దాని ఎదుట కథకుడు గజ్జెలు కట్టుకుని నిలబడి దేవుని కథ చెప్తాడు. పక్కన డోలు, తాళాలు ఉంటాయి. ఆ పక్కవాళ్లలో ఒకడు కథకుని ప్రతి మాటకూ బదులిస్తుంటాడు. "ఆఁ" అంటాడు, "అయితే?" అంటాడు, "అయ్యో, ఆ తల్లేమన్నది మరి?" అంటాడు. వాడే వంత. మా ఊరు రఘునాథపల్లికి నాలుగు మైళ్లు. ఆ చుట్టుపక్కల పేరు మోసిన కథకుడు మా కాకకు బావ, అంటే సొంత అక్క మొగుడు, నాకు మామ వరస. బావ చెప్తాడు, బామ్మర్ది వంత. ఇరవై ఏళ్లుగా అదే జోడీ. కాక భార్య కాన్పులో పోయింది, పిల్లలు లేరు. అక్క ఇంటి గోడకు ఆనించి ఒక్క గది వేసుకుని ఉండేవాడు. తిండి అక్క దగ్గర, కథ బావ దగ్గర. ఆయనకు అంతకుమించి లోకం లేదు.

మనిషి పొడుగు, సన్నం. ఎండాకాలంలో కూడా భుజం మీద గొంగడి. కథ లేనప్పుడు కూడా ఆయనకు వంత అలవాటు పోయేది కాదు. బస్సు కండక్టరు "రఘునాథపల్లి!" అని అరిస్తే "ఆఁ, రఘునాథపల్లి, దిగుదం పాండ్రి" అనేవాడు. పంచాయతీ ఆఫీసు రేడియోలో వార్తలు వస్తుంటే గోడకు ఒరిగి కూర్చుని వార్తలకు సైతం "ఆఁ" అనేవాడు. కాసేపటికి విసుగొచ్చి లేచిపోయేవాడు. "గాయన ఎవలకు చెప్తాండు కొడుకా? ఎదురుంగ ఒక్క మనిషన్న ఉన్నడా? ఊపిరి తీసుకునుడే లేదు" అని గొణిగేవాడు.

అబ్బో, ఆ "ఆఁ"లు ఎన్ని రకాలు! కథలో శత్రువు వస్తుంటే ఒక "ఆఁ", దేవుడు వస్తుంటే ఒకటి, చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడని జనానికి కన్నుగీటే "ఆఁ" ఒకటి. కొన్నింటిని విని ఆడవాళ్లు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. అప్పుడు నేను వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మొదలై కాలేజీలు మూతబడ్డాయి. నేను హనుమకొండలో బి.ఏ. చదివేవాణ్ని. నెలలకు నెలలు ఊళ్లో పడి ఉన్నాను. జనగామలో ఒకరోజు విద్యార్థుల మీటింగు పెట్టారు. నన్నూ మాట్లాడమన్నారు. ఎక్కాను, నా మొహం, రెండు మాటలు అన్నాను. మూడో మాట దొరకలేదు. అప్పుడు జనం వెనక నుంచి, గొర్ల సంతకు వచ్చిన మా కాక గొంతు వినిపించింది. "ఆఁ! అయితే?" అన్నాడు. నాకు మూడో మాట దొరికింది. "నిజమే గద మరి" అన్నాడు. నాలుగోది వచ్చింది. ఇక ఆగలేదు. అరగంట దంచాను. దిగాక స్నేహితులు భుజం తట్టి, ఏం మాటలురా అన్నారు. అవన్నీ నా మాటల గొప్పే అనుకున్నాను. ఆయనకు మంచినీళ్లయినా తాగించలేదు.

ఆ ఖాళీ నెలల్లో ఆదివారం ఆదివారం వాళ్ల వెంట కథలకు తిరిగాను. ఆ రోజుల్లో హోటల్ బెంచీల మీద ఎప్పుడూ ఒకటే వాదన, మా కథకుడు గొప్పా, మానుకోట దిక్కు నుంచి కొత్తగా పేరొచ్చిన కథకుడు గొప్పా అని. ఆ మానుకోటాయనది మహా దౌడు. దేవుని గుర్రాన్ని వర్ణించడం మొదలుపెడితే కళ్లెం నుంచి డెక్కల దాకా ఒక్క గుక్కలో చెప్పేస్తాడట. ఆయన బచ్చన్నపేట దగ్గర కథ చెప్తున్నాడని తెలిసి కాకా నేనూ పోయాం. నిజంగానే గుక్క తిప్పుకోలేదు మహానుభావుడు. జనం ఈలలు. నేనూ ఊగిపోయాను. కాక మాత్రం కథకుణ్ని చూడడం లేదు. వాకిట్లో ఓ పక్కన చాటల్లో బియ్యం ఏరుతున్న ఆడవాళ్ల చేతుల్ని చూస్తున్నాడు.

తిరిగి వస్తూ దారిలో "ఎట్లుంది కాకా?" అని అడిగాను.

"గుర్రం మంచిగుంది."

"మరి?"

"ఎక్కనియ్యలే."

నాకు ఒళ్లు మండింది. ఎక్కడమేమిటి అన్నాను.

"చాటలు సూసినవా? ఒక్క చెయ్యన్న ఆగిందా? మా బావ చెప్తాంటె తల్లి కొడుకును సాగదోలే కాడ చేతులు ఆగుతయి. ఎందుకాగుతయి? బావ ఆడ ఊపిరి దీస్తడు. ఆయన ఊపిరి దీసిన కాడ వినెటోళ్లు లోపటికి వస్తరు. మాటలు ఎవలైనా నేరుస్తరు కొడుకా. యాడ ఆగాల్నో అది ఎర్కుండాలె."

నేను తగ్గలేదు. సాహిత్యం చదువుకుంటున్నవాణ్ని కదా. గొప్పదనమంతా పదంలో ఉందన్నాను. మీ బావ మాటల్ని కాగితం మీద పెట్టి చదివినా ఏడుపొస్తుందన్నాను. ఆగడం, ఊపిరి, ఇవన్నీ పైపై సంగతులన్నాను. ఊరొచ్చేదాకా వాదించుకున్నాం. ఆయనకు కోపం రాలేదు. నా వాదనకు కూడా అక్కడక్కడా "ఆఁ" అంటూనే నడిచాడు.

అంతటితో ఊరుకోలేదు నేను. ఆ మరుసటి నెలంతా కథల దగ్గర కూర్చుని బావ చెప్పిందంతా పెద్ద నోట్‌బుక్కులో రాశాను. ఒక మధ్యాహ్నం కాక తన గది ముందు కూర్చుని కత్తిరించిన ఉన్ని దులుపుతున్నాడు. నన్ను చూసి "ఏం రాస్తానవ్ కొడుకా ఇన్ని దినాల సంది? జర సదువు, ఇంట" అన్నాడు. ఆయనకు చదువు రాదు. నేను గొంతు సవరించుకుని చదివాను. ఆయన ఉన్ని పక్కన పెట్టి విన్నాడు. ఇరవై పేజీలు చదివాను. ఒక్కసారి కూడా "ఆఁ" అనలేదు. అన్నం వేళ దాటింది. ఆపితే అప్పుడడిగాడు.

"మా బావ అన్నది అంత ఉన్నది."

"ఒక్క మాట పోలే కాకా."

"మరి నేనేడున్న?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నవ్వాను కూడా, సిగ్గు లేకుండా. "నువ్వనేటియి మాటలు కావు గద కాకా. ఆఁ ఊఁ అని రాసుకుంట కూసుంటె నోటుబుక్కులు సాల్తయా? నువ్వున్నా లేకున్నా కథ కథనే" అన్నాను.

"ఆఁ" అన్నాడు. ఉన్ని చేతిలోకి తీసుకున్నాడు.

తర్వాతి ఆదివారం పక్క ఊళ్లో పట్నం. కథ మొదలయ్యే ముందు ఒక పద్ధతి ఉంది. కథకుడు దేవుని పసుపు, బండారు అంటారు దాన్ని, వేలితో తీసి తన వంత నుదుట పెడతాడు. అది పెడితేనే వంత పక్కన నిలబడాలి. బావ బండారు పెట్టాడు. కాక డోలు ఎత్తుకున్నాడు. కథ మొదలైంది. డోలు పలికింది గానీ నోరు పలకలేదు.

మొదట బావ పట్టించుకోలేదు. గొంతు బాగా లేదేమో అనుకుని ఉంటాడు. రెండోసారి ఓరగా చూశాడు. ఆపైన తన మాటకు తానే "ఆఁ, అయితే?" అనుకుంటూ లాక్కొచ్చాడు. కాసేపటికి రొప్పు మొదలైంది. ఇరవై ఏళ్లుగా ఆయన ఊపిరి తీసుకునే చోటల్లా బామ్మర్ది గొంతు నిలబడి ఉంది, ఇప్పుడది లేదు. తల్లి కొడుకును సాగనంపే చోటు వచ్చింది. బావ "పోయిరా కొడుకా" అని ఆగాడు. అక్కడ "అయ్యో, తల్లీ!" అని కాక ఎప్పుడూ అనే కేక ఒకటుంది. రాలేదు. బావ అట్లాగే నిలబడ్డాడు. మళ్లీ "పోయిరా కొడుకా" అన్నాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది. ఎవరో "ఏందయ్యా, కథ మరిసినవా?" అన్నారు. గుంపులో నవ్వులు లేచాయి. దేవుని ఎదుట కథ మధ్యలో తెగితే ఆ ఇంటికి అరిష్టమని నమ్మకం. ఆ ఇంటి ముసలామె గుండెలు బాదుకుంది. బావ నీళ్లు తాగి, గీరుకుపోయిన గొంతుతో ఎట్లాగో కథను ఒడ్డుకు చేర్చాడు.

అయిపోయాక ఆయన ఏమీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అంతమంది ముందు కాక దగ్గరికి వచ్చి, తన తువ్వాలుతో ఆయన నుదుటి బండారు తుడిచేశాడు. "నేనే పెట్టిన, నేనే తుడుస్తాన. ఇగ నా పక్కన నిలవడకు" అన్నాడు.

కాక తల వంచలేదు. ఒకసారి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, చూసినవా అన్నట్టు మాత్రం ఉంది. నేను నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని చెప్పుల కోసం వెతుక్కున్నట్టు వంగాను.

వాళ్ల అక్క ఆ సాయంత్రం అందరి ముందూ ఆయన్ని పట్టుకుని ఏడ్చింది. "ఎందుకు జేసినవ్ తమ్మీ? ఎవలు మందు వెట్టిండ్రు నీకు?" అని అడిగింది. "నోరెండింది అక్కా" అన్నాడు. అంతే. నా పేరెత్తలేదు. నేను అక్కడే, అరుగు మీదే ఉన్నాను. ఇదంతా నా మూలంగా జరిగిందత్తమ్మా, నేనే ఎగేసినట్టయిందని ఒక్క ముక్క చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పలేదు. పెద్దవాళ్లంటే భయమనేది పైకి చెప్పే సాకు. చదువుకున్నవాణ్నన్న పొగరు దిగిపోతుందన్నది అసలు సంగతి. కాలేజీలు తెరిచారు, నేను బస్సెక్కాను.

సెలవులకు వచ్చినప్పుడు చూసేవాణ్ని. బావ ఎవరో చుట్టాన్ని వంతగా పెట్టుకున్నాడు. అక్క గోడ అవతలి నుంచి అన్నం గిన్నె పెట్టేది గానీ మాట లేదు. కాక బస్సు కాడ బెంచీ మీద కూర్చునేవాడు. కండక్టరు "రఘునాథపల్లి!" అని అరిచేవాడు. ఆయన పలికేవాడు కాదు. ఇంత మందిలో మనిషి అంత ఒంటరిగా కూర్చోవడం నేను మళ్లీ చూడలేదు. ఎండలు ముదిరినప్పుడు మా దిక్కు గొర్లవాళ్లు మేత కోసం భూపాలపల్లి అడవుల వైపు మందలు తోలుకుపోతారు. ఒక ఏడు ఆయనా వాళ్లతో పోయాడు. వానలకు అందరూ తిరిగొచ్చారు, ఆయన రాలేదు.

నేను పంతులునయ్యాను. మానుకోటలో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఊరికి రాకపోకలు తగ్గిపోయాయి. ఎనభైలలో ఒకసారి ఎన్నికల డ్యూటీ భూపాలపల్లి అవతల ఒక ఊరికి పడింది. పోలింగ్ ముగిసి, బడి ముందు జీపు కోసం చూస్తూ తోటి పంతులుతో మాట్లాడుతున్నాను. అటుగా ఓ మంద పోతోంది. దాని వెనక గొంగడి ఆగింది.

"మాట మాటకు పరుగు బెడుతానవ్. ఇంక మారలేదా కొడుకా?"

గొంతు పట్టేశాను. దవడలు లోపలికి పోయాయి, వెంట్రుక ఒక్కటి నల్లగా లేదు. కాళ్ల మీద పడ్డంత పని చేశాను. తప్పు నాది కాకా, నీది కాదు అన్నాను. పన్నెండేళ్లుగా గొంతులో పెట్టుకున్న మాట.

"నువ్వు రాయలే, గంతే. నోరు మూసుకున్నది నేను" అన్నాడాయన. "నువ్వన్నంక తెల్సుకోవాలనిపిచ్చింది. నేను లేకున్నా కథ నడుస్తదా అని."

"నడువలే గద కాకా!"

"నడువలే. నడువదని ఎర్కాయె. ఎర్కైనంక ఏం జేసుకోవాలె దాన్ని?" గొర్రె ఒకటి పక్కకు పోతుంటే కర్రతో మళ్లించాడు. "ఈడ పక్కన నిలవడి ఆఁ అందామంటె చెప్పెటోడు లేడు. గొర్లకు కథ రాదాయె."

ఇంటికి పోదాం రమ్మన్నాను. బావ బండారు పెడితే వస్తానన్నాడు. పెట్టకపోతే ఎందుకు రావాలి అన్నాడు. నేను పోయి ఉన్నదంతా చెప్తాను, ఆయన పిలిచేటట్టు చేస్తానన్నాను. "చెప్పు కొడుకా. జల్ది చెప్పు. బావకు సుత ముసలితనమాయె, పెయ్యి సక్కగుండదేమో" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఆశ చూసి నాకు భయమేసింది.

రెండో రోజే పోయాను మా ఊరికి. తిరిగి రెండు వారాల తర్వాత, ఒక ఆదివారం పొద్దున భూపాలపల్లి బస్సెక్కాను. దారి పొడవునా ఏం చెప్పాలో, ఏం దాచాలో కూర్చుకున్నాను. పరకాల దాటేసరికి అబద్ధం ఒకటి తయారైంది కూడా. బావకు ఊళ్లు తిరగడం ఎక్కువైంది, పండగ తర్వాత పిలుస్తానన్నాడని చెప్దామనుకున్నాను. కాక మంద పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"పోయిన కాకా" అన్నాను.

"ఆఁ."

"పొద్దటి బస్సుకే పోయిన."

"ఆఁ, పొద్దటి బస్సుకే. అయితే?"

అంతే. నా అబద్ధం ఎటు పోయిందో తెలియదు. ఆ "అయితే" వెనక నిజం తప్ప ఇంకేదీ పట్టదు.

"అత్తమ్మ వాకిట్ల ఉండె."

"ఉండదా మరి."

"అరుగు మీద మామ మంచం లేకుండె."

"ఆఁ."

"రెండు నెలలాయెనట కాకా."

ఇక అనడేమో అనుకున్నాను. ఆయన గొర్ల వైపు చూస్తూ, మెల్లగా, తప్పకుండా అన్నాడు. "ఆఁ. రెండు నెలలు. ఎట్ల పోయిండు?"

"ఊపిరాడలేదట. నెల దినాలు లేవలేదట. కండ్లు మూసుకొని మంచంలనే కథ చెప్పుకుంటుండెనట. సగం చెప్పి ఆగుతుండెనట, ఎవలకోసమో సూసినట్టు, మల్ల మొదలువెడుతుండెనట, మల్ల ఆగుతుండెనట, వాని కోసమే ఆగుతానవ్ గద, కబురు పంపుత అని అత్తమ్మ అంటె వద్దన్నడట, పోయినంక సుత చెప్పొద్దన్నడట, అందుకే ఎవలూ నీకు చెప్పలే కాకా."

"ఆఁ" అన్నాడు. "అత్తమ్మేమన్నది?"

"నేను నోటుబుక్కు సంగతంత చెప్పిన. ఇన్నది. అప్పుడెందుకు చెప్పలేదు అల్లుడా అన్నది."

"ఆఁ."

అయిపోయింది. నా దగ్గర ఇంక చెప్పడానికి ఏమీ లేదు. ఒక్క చోట కూడా వదిలెయ్యకుండా, ఆయన తన బావ చావు కబురును నా చేత ఒడ్డుకు చేర్పించాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆయన ఏడవలేదు. గొంగడి అంచు వేళ్లకు చుట్టుకున్నాడు.

"మంచిగనే చెప్పినవ్ కొడుకా" అన్నాడు చివరికి. "గని ఒక్క కాడ ఉరికినవ్."

"ఏడ కాకా?"

"బావ ఆగుతుండె అన్నవ్ సూడు. ఆడ ఆగాలె నువ్వు. ఆడ నాకు జర సందియ్యాలె."